ఆరో డిమాండు

ఇల్లు, ముందుగది
టవరుకు తాళం పడిన నలభై ఒకటో రోజు

అత్తా,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు నేరమేమిటో, ఎవరు చేశారో రాస్తాను. ఈతకొలనులో డైవింగ్ టవరుకు తాళం పడింది. వేసినవాడు మేనేజరు. ఐదు మీటర్ల మెట్టు దాటాక ఉండే జాలీ తలుపుకు ఇత్తడి తాళం వేసి, తాళంచెవి సొరుగులో పెట్టుకున్నాడు. సాక్షులు ముగ్గురు: నేను, పిచ్చుక, టికెట్లు చింపే ఆయన. టికెట్ల ఆయన మాత్రం "నేనేం చూళ్ళేదమ్మా, ఆ టైముకి చింపుతున్నాను" అంటున్నాడు. భయం మనిషిని ఎంత కిందికి దిగజారుస్తుందో చూడు.

భద్రత కోసమని నోటీసు. ఎవరి భద్రత? చరిత్రలో ప్రతి తాళమూ భద్రత పేరుతోనే పడింది. ఈ వాక్యం నాదే. కొత్త కరపత్రంలో వాడుతున్నాను.

అసలు కుట్ర వేరే ఉంది. పది మీటర్ల డైవులు రాసే రిజిస్టరు ఒకటి ఉంటుందని నీకు తెలుసు కదా. అందులో వరసగా తొంభై రోజులు ఒక్క డైవూ నమోదు కాకపోతే టవరు "నిరుపయోగ కట్టడం" కింద లెక్క. తొంభై ఒకటో రోజున కూల్చవచ్చు. కూల్చిన చోట సభ్యులు కార్లు పెట్టుకోవడానికి షెడ్డు వేస్తారట. నీడలో ఉండాల్సింది కార్లు, నేల మీద ఉండాల్సింది పిచ్చుక!

పిచ్చుక సంగతి చెప్పాలి. నువ్వే డైవింగ్ నేర్పిన పిల్ల, నీకు నేను చెప్పేదేముంది. సెలక్షన్లు నాలుగు నెలల్లో ఉన్నాయి. రోజూ జాలీ తలుపు దాకా ఎక్కి, తాళాన్ని ఒకసారి లాగి చూసి, దిగి ఇంటికెళ్తోంది. ఇంటి దగ్గర వాళ్ళమ్మ ఇస్త్రీ పని అయ్యాక ఆ బల్లెక్కి పరుపు మీదికి పల్టీలు కొడుతోంది. బల్ల ఎత్తు ఒక మీటరు. మిగతా తొమ్మిదీ ఊహించుకుంటున్నానంది.

కాబట్టి నువ్వు రావాలి. నాలుగుసార్లు చాంపియన్‌వి. మూడు రోజులు అదే టవరు మీద కూర్చుని అధికారాన్ని గడగడలాడించినదానివి. నా ప్రతి కరపత్రంలో ఆ మూడు రోజుల మీద ఒక పేరా వేస్తాను, పక్కన పిడికిలి బొమ్మతో. (వివరాలు కావాలని నాన్ననడిగితే "ఎక్కి కూర్చుంది. తర్వాత దిగింది" అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే చరిత్ర దొరకదు.) నీ దగ్గర జీవితకాలపు సభ్యత్వ కార్డు ఉంది. ఎక్కి, తాళం బద్దలుకొట్టి, ఒక్క డైవ్ చెయ్. రిజిస్టరులో నీ పేరు పడితే చాలు, మళ్ళీ తొంభై రోజులు మనవి.

ఉద్యమాభినందనలతో,
నీ మేనకోడలు


లాడ్జి, తొమ్మిదో గది

చిరంజీవి కరపత్రానికి అత్త ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నేను క్షేమం. నువ్వడగలేదు, అయినా రాస్తున్నాను.

ఇక్కడ సీరియల్ రెండువందల పన్నెండో భాగం నడుస్తోంది. కోడల్ని కాల్చుకు తినే అత్తగా మొదటి భాగంలో కుర్చీలో కూర్చున్నాను, ఇప్పటిదాకా లేవలేదు. ఒకప్పుడు సినిమాల్లో కథానాయికల బదులు కొండల మీంచి, వంతెనల మీంచి దూకేదాన్ని. అప్పుడు నా ముఖం చూపించేవారు కాదు. ఇప్పుడు ముఖం తప్ప ఏమీ చూపించడం లేదు. రెండూ కలిపితే ఒక పూర్తి నటి అవుతుంది.

నిన్న డైరెక్టరు వచ్చి, "అమ్మా, మీరలా తల ఓరగా తిప్పి చూస్తారే, కోడలి సంగతి దేవుడెరుగు, నాకే వణుకొస్తోంది. ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. నేనేమీ అనలేదు. మెచ్చుకునేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదు.

రావడం కుదరదు. వచ్చే వారం నాకు పక్షవాతం వస్తుంది. కథలో. తేదీలు ఇచ్చేశాను.

మూడు సంగతులు. ఒకటి, తాళాలు బద్దలుకొట్టకు. కొత్త తాళం కొనిస్తావు, అంతకంటే ఏమీ జరగదు. రెండు, పిచ్చుకను ఇస్త్రీ బల్ల అంచును కాలివేళ్ళతో పట్టుకోమను, మడమలు గాల్లో ఉండాలి. పెట్టె చల్లారిందో లేదో చూసుకోమను. మూడు, భద్రత కోసమని నోటీసు అన్నావు. భద్రత అంటే ఏ భద్రత? ఆ మేనేజరు నాకు తెలుసు. నిబంధన చూపించకుండా తుమ్మడు కూడా. నోటీసు నకలు పంపు.

మీ నాన్న ఏమంటున్నాడు?

అత్త


ఇల్లు, ముందుగది
యాభై రెండో రోజు

అత్తా,

నోటీసు గోడకు అంటించి ఉంది. గోడను కవరులో పెట్టలేను.

నాన్న ఏమంటాడు? ఎప్పట్లాగే కొలను పంపు గదిలో డ్యూటీలో కూర్చుని గేజి అద్దం తుడుస్తున్నాడు. నాతో మాట్లాడి యాభై రోజులు దాటింది. అంతకు ముందు కూడా పెద్ద తేడా లేదు కాబట్టి నేను మొదట గమనించలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను, ఒక్కదాన్నే. నేను పనిచేసే ప్రెస్సులో మిగతావాళ్ళంతా "నువ్వు పద, వెనకే వస్తాం" అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే టీ తాగుతున్నారు. ఆయన నన్ను చూసి కుర్చీ జరిపాడు.

"కూర్చోమ్మా. నీ కరపత్రం చదివాను. రెండుసార్లు."

"చదివితే సరిపోదు, జవాబు చెప్పాలి."

"ఏడు డిమాండ్లు రాశావు. ఒకటి పూర్తిగా తీర్చాను. ఇంకోటి సగం తీర్చాను. ఎన్ని ఊళ్ళల్లో తీరుస్తారు చెప్పు?"

"టవరు తాళం తియ్యండి."

"అది ఏడింటిలో లేదు కదమ్మా" అని నా కరపత్రమే నా చేతిలో పెట్టాడు. ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి ఉన్నాయి. నేను రాసినవన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివే మనిషి ఈ ఊళ్ళో ఈయనొక్కడే అని తెలిసి నాకు ఒళ్ళు మండిపోయింది.

సగం తీర్చిన డిమాండు ఏమిటో తెలుసా? స్నానాల గదిలో షవర్లు పనిచేయడం లేదు, బాగుచేయించాలని రాశాను. బాగుచేయించలేదు. గుమ్మం మీద బోర్డు పెట్టించాడు: "ఎవరి బకెట్ వారు తెచ్చుకోవలెను." కింద సంతకం, ముద్ర. ప్రజలకు ఇంతకంటే అవమానం ఉంటుందా? పూర్తిగా తీర్చినది చిన్న విషయం, నీకు చెప్పాల్సినంతది కాదు.

నీ పక్షవాతం వాయిదా వేయించుకో. ముప్పై ఎనిమిది రోజులే ఉన్నాయి.

నీ మేనకోడలు


లాడ్జి, తొమ్మిదో గది

చిరంజీవి కరపత్రానికి,

పక్షవాతం వచ్చింది. కుర్చీ తీసేసి మంచం వేశారు. ఇప్పుడు పడుకుని నటిస్తున్నాను. కోడలి పాత్ర వేసే అమ్మాయి నాకు మందు తాగించబోయి చెంబు ఎడమవైపు నుంచి తెచ్చింది. నేను చూసుకోక చెయ్యి విదిలిస్తే మొత్తం దాని చీర మీద పడింది. డైరెక్టరు "అద్భుతం, అలాగే ఉంచుదాం" అన్నాడు. ఆ పిల్ల మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

గోడ మీద ఉన్నదాన్ని చేత్తో రాసుకోవచ్చు. పొద్దస్తమానం ప్రెస్సులో ఇతరులు రాసినవి దిద్దే దానివి, నాలుగు లైన్లు ఎత్తి రాయలేవా? రెండోసారి అడుగుతున్నాను.

డైవ్ నా వల్ల కాదు. విసుగొచ్చి మానేశానని మీ అందరికీ అప్పుడే చెప్పాను. పద్నాలుగేళ్ళయింది. నా బరువు, మంచం బరువు ఇప్పుడు ఇంచుమించు ఒకటే. మర్యాదగా ఒక వినతిపత్రం రాసి, ఈతకొచ్చేవాళ్ళ చేత సంతకాలు పెట్టించు. పిడికిలి బొమ్మ వెయ్యకు.

అత్త


ఇల్లు, ముందుగది
అరవై ఆరో రోజు

అత్తగారికి,

మీరు అని రాయాలనుకున్నాను, కానీ కోపంలో నువ్వు అనే వస్తుంది కాబట్టి నువ్వనే రాస్తున్నాను.

వినతిపత్రమా! టవరు మీద మూడు పగళ్ళు, మూడు రాత్రులు కూర్చున్న మనిషి రాయాల్సిన మాటేనా ఇది? నాకప్పుడు ఆరేళ్ళు. నాన్న భుజాల మీద కూర్చుని కింద నుంచి నిన్ను చూశాను. నువ్వు అంత ఎత్తున చిన్నగా కనబడ్డావు, కానీ నా జీవితంలో నేను చూసిన అతి పెద్ద మనిషివి నువ్వే. నేను చదివిన ప్రతి కరపత్రంలో "ప్రజలు" అనే మాట వచ్చినప్పుడల్లా నాకు నీ ముఖమే కనబడేది. ఆ మనిషిని సీరియల్ వాళ్ళు ముందు కుర్చీలో పెట్టారు, తర్వాత మంచం మీద పడుకోబెట్టారు. ఇంకొన్నాళ్ళకు ఫోటో చేసి గోడకు తగిలిస్తారు. నువ్వు దానికీ తేదీలు ఇస్తావు.

పిచ్చుక నిన్న ఏమందో రాయనా? "మేడం రారులే అక్కా, వచ్చే మనిషైతే ఎందుకు రాలేదని మనం ఇన్నిసార్లు అనుకోం కదా" అంది. పదహారేళ్ళ పిల్ల. ఏడవలేదు. బల్ల మీంచి దూకి, లేచి, మళ్ళీ ఎక్కింది.

నువ్వు రాకపోతే నా దారి నేను చూసుకుంటాను. మేనేజరు దాక్కున్నది నోటీసులో చూపించిన పద్నాలుగో నిబంధన వెనక. దాన్ని ఏ పిరికిపంద రాశాడో తెలియదు గానీ, ప్రజల హక్కుల మీద వేసిన అసలు తాళం అదే. ఆ నిబంధనను రద్దు చేయాలని కరపత్రం సిద్ధం చేశాను. వచ్చే వారం ప్రెస్సు కెక్కుతుంది. మొదటి పేరా నీ మీదే. పేరా తీసెయ్యాలా, ఉంచాలా అన్నది నీ నిర్ణయం.

(సంతకం పెట్టడం లేదు)


లాడ్జి, తొమ్మిదో గది
ఉత్తరం అందిన గంటలో

కరపత్రమా,

ప్రెస్సు ఆపు. ఆపాకే మిగతాది చదువు.

ఆపావా?

ఇవాళ నాకు రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నీది. రెండోది మీ నాన్న పంపాడు. అందులో ఉత్తరం లేదు. నువ్వు మూడు నెలల కింద వేసిన ఏడు డిమాండ్ల కరపత్రం ఉంది. ఆరో డిమాండు కింద పెన్సిలుతో ఒక గీత ఉంది. మా తమ్ముడు రాసిన ఉత్తరాలన్నిటిలో ఇదే పెద్దది.

ఆరో డిమాండు నీకు గుర్తుండే ఉంటుంది, అయినా ఎత్తి రాస్తున్నాను, చేత్తో రాయడం ఎలాగో నువ్వూ చూస్తావు. "టవరు కింద ఒక పైపు పొద్దస్తమానం ఎవరికీ పనికిరాకుండా కొలను మీద నీళ్ళు చిమ్ముతోంది. ప్రజల నీటిని ప్రదర్శనకు తగలేస్తున్న ఈ పైపును తక్షణం ఆపివేయాలి."

ఆపేశాడు. నీకు చెప్పాల్సినంతది కాని చిన్న విషయం ఇదేనన్నమాట.

పైపు ఎందుకో చెప్తాను. కదలని నీళ్ళు పైనుంచి కనబడవు. అడుగున నల్ల గీతలు కనబడతాయి, మబ్బులు కనబడతాయి, నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో కనబడదు. పది మీటర్ల మీంచి గింగిరాలు తిరుగుతూ వచ్చే మనిషికి కిందిది ఒక్క రెప్పపాటు కంటబడుతుంది. ఒళ్ళు ఎప్పుడు విప్పుకోవాలో ఆ రెప్పపాటులో తేలాలి. పైపు నీళ్ళు చిమ్మి కొలను మీద ముడతలు వేస్తుంది. ఆ ముడతలే మాకు నేల. ఆ పైపు మేము చూసుకునే అద్దంలాంటిది. నువ్వు దాన్ని ప్రదర్శన అన్నావు.

పద్నాలుగేళ్ళ కింద అప్పటి మేనేజరు కూడా నీలాగే ఆలోచించాడు. పొదుపు అని ఒకరోజు పైపు ఆపించాడు. నాకు చెప్పలేదు. నేను పైకెక్కి, కింద ఏమీ కనబడకపోయినా, చాంపియన్ని కదా, అలవాటు మీద దూకాను. ఒక్క క్షణం ఆలస్యంగా విప్పుకున్నాను. ముఖం నీళ్ళకు బల్లపరుపుగా తగిలింది. ఎడమకంటి లోపలి పొర ఊడిపోయింది. రెండు ఆపరేషన్లు చేశారు. వెలుతురు తెలుస్తుంది, మనుషులు తెలియరు. ఇంకోసారి ఎక్కడి నుంచి దూకినా కుడిది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. విసుగొచ్చి మానేశానని నేను చెప్పాను. నిజం మీ నాన్నకొక్కడికే తెలుసు. వాడికి చెబితే గేజికి చెప్పినట్టే.

డైరెక్టరు మెచ్చుకునే ఓరచూపు అదే. ఎడమవైపు నుంచి వచ్చిన చెంబు సంగతీ అదే.

ఇక నీ మూడు రోజులు. నువ్వు నాన్న భుజాల మీంచి చూసిన అతి పెద్ద మనిషి ఆ మూడు రోజులూ ఒక రబ్బరు పైపు కోసం కూర్చుంది. ప్రజలనలేదు, అధికారమనలేదు. "పైపు తిప్పండి, తిప్పకుండా ఎవర్నీ దూకనివ్వకండి, అది కాయితం మీద రాయండి" అన్నాను. రెండోరోజు వాన కూడా పడింది. మూడోరోజు సాయంత్రం రాశారు. దిగాను. మీ నాన్న చెప్పిన చరిత్రలో తప్పేమీ లేదు.

వాళ్ళు రాసిందే పద్నాలుగో నిబంధన. ఆ పిరికిపందను నేనే.

ఇప్పుడా నిబంధనను రద్దు చేయించు. చేయిస్తే తాళం తీస్తారు, పిచ్చుక కదలని నీళ్ళ మీదికి దూకుతుంది. ఆ తర్వాత దానికీ సీరియల్లో పాత్ర ఇప్పిద్దాం. ఓరగా బాగా చూస్తుంది.

పేరా తీసెయ్.

అత్త


పంపు గది మెట్లు
డెబ్బై మూడో రోజు

అత్తా,

ప్రెస్సు ఆపాను. సగం అచ్చయినవి చింపేశాను. చింపుతుంటే టికెట్ల ఆయన గుర్తొచ్చాడు, ఆయన్ని అన్నన్ని మాటలు అనకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి ఈతకొలనుకు వెళ్ళాను. మెట్లెక్కాను. అత్తా, అంత ఎత్తు నేనెప్పుడూ ఎక్కలేదు. తాళం దాకా వెళ్ళి కడ్డీ పట్టుకుని కిందికి చూశాను. నీళ్ళు లేవు. ఉన్నాయని తెలుసు, కానీ లేవు. అడుగున గీతలున్నాయి, వాటి మధ్య నుంచి ఒక మబ్బు వెళ్తోంది. ఐదు మీటర్ల దగ్గరే ఇలా ఉంటే. నేను కూర్చునే దిగాను, ఒక్కో మెట్టూ. పిచ్చుక వెనకే ఉండి "కిందికి చూడకక్కా, గోడను చూడు" అంటూ వచ్చింది. దాని కోసం పోరాడుతున్నది నేను.

తర్వాత పంపు గదికి వెళ్ళాను. నాన్న గేజి తుడుస్తున్నాడు.

"ఆరో డిమాండు రాసేటప్పుడు నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"తీసెయ్ అన్నాను కదా."

"ఎందుకో చెప్పలేదు. కారణం చెప్పని ఆజ్ఞను నేను పాటించను, నీకు తెలుసు."

"నువ్వు ఎందుకు అన్నావు. చెబుదామని నోరు తెరిచాను. నువ్వప్పటికే ఉపన్యాసం మొదలుపెట్టావు."

"ఉపన్యాసం అయ్యాక చెప్పొచ్చు కదా!"

"ఇంకా అవలేదు" అన్నాడు.

మా ఇంట్లో ఇంతకంటే పొడుగు సంభాషణ నాకు గుర్తులేదు. ఆయన కారణాలు చెప్పడు, నేను కారణం లేకుండా వినను. ఈ రెండింటి మధ్య ఒక టవరు పోతోంది.

మేనేజరు దగ్గరికీ వెళ్ళాను. పైపు మళ్ళీ తిప్పండి, నాది తప్పు, రాసిస్తాను అన్నాను. ఆయన నిజంగా బాధపడ్డాడు. "ఆపడానికి నా సంతకం చాలమ్మా. తిప్పడానికి కమిటీ తీర్మానం కావాలి. కమిటీ మళ్ళీ కూర్చునేది మూడు నెలలకు" అన్నాడు. నాన్న మీద నమ్మకం లేక వాల్వు పిడి కూడా ఊడదీసి సొరుగులో పెట్టాడు, తాళంచెవి పక్కనే.

పదిహేడు రోజులున్నాయి. ఇన్నాళ్ళూ నోటీసు ఎందుకు పంపలేదో నీకిప్పుడు తెలుసు. అందులో మొదటి వాక్యమే "ప్రజల కోరిక మేరకు" అని ఉంది. ఆ ప్రజలు నేనే. ఒక్కదాన్నే.

కోప్పడు. మౌనంగా మాత్రం ఉండకు. మౌనంగా ఉండేవాళ్ళు ఇంట్లో ఒకరున్నారు.

నీ మేనకోడలు


లాడ్జి, తొమ్మిదో గది

చిరంజీవి కరపత్రానికి,

కోప్పడటానికి తీరిక లేదు. నిబంధన నకలు నా పెట్టెలో ఉంది, పద్నాలుగేళ్ళుగా చీరల అడుగున. ఇది చదువు: "డైవింగ్ జరుగుచున్నంతసేపు నీటి పైభాగము కదులుచుండవలెను. శిక్షకులు కింద నిలబడి ఉండవలెను." అంతే.

పైపు అనే మాట ఎక్కడైనా ఉందా? లేదు. పైపు అని రాయమనే నేను పోట్లాడాను. ఎంత లావు పైపు అని గుమాస్తా అడిగాడు, నేను చెప్పలేకపోయాను, ఆయన ఆ మాటే ఎత్తేశాడు. నాకప్పుడు చాలా కోపమొచ్చింది. ఇవాళ ఆ గుమాస్తా ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నేను మొదటిసారి చాంపియన్ అయిన రోజున ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. పైపు పగిలింది. పోటీ ఆపేద్దామన్నారు. మీ నాన్న అప్పుడే పనిలో చేరిన కుర్రాడు. ఎవర్నీ అడగకుండా పంపు గదిలోంచి బకెట్ తెచ్చి, కొలను అంచున నిలబడి, నీళ్ళు ముంచి చల్లడం మొదలుపెట్టాడు. అరగంట చల్లాడు. నాకు కనబడ్డాయి. పతకం నాది, భుజం నొప్పి వాడిది.

అప్పుడు కొలను చిన్నది, ఒక మనిషి సరిపోయాడు. ఇప్పుడు టవరు కింది గుంట పెద్దది. ఎందరు కావాలో వాణ్ణే అడుగు. లెక్కలు బాగా చెప్తాడు, మాటలు అక్కర్లేదు కదా.

బకెట్లు లోపలికి రానిస్తారా అని నువ్వు అడుగుతావు. గుమ్మం మీది బోర్డు చదువుకో. సంతకం, ముద్ర కూడా ఉన్నాయన్నావు.

నీళ్ళు కదులుతూ, శిక్షకురాలు కింద నిలబడి ఉంటే తాళానికి కారణం ఉండదు. కారణం లేని తాళాన్ని ఆ మేనేజరు ఒక్క నిమిషం కూడా ఉంచడు. సొరుగు తెరుస్తాడు, నువ్వు చూస్తూ ఉండు. ఇన్నాళ్ళూ ఆయన్ని శత్రువనుకున్నావు. ఆయన నిబంధనలు చదివే మనిషి. నీలాంటివాడే, కాకపోతే తను పాటించబోయేవి చదువుతాడు.

శిక్షకురాలిగా సంతకం పెట్టే హక్కు నాకు ఇంకా ఉంది. అందుకని డైరెక్టరు దగ్గరికెళ్ళి నా కంటి సంగతి చెప్పాను, ఎక్కడికి వెళ్తున్నానో కూడా చెప్పాను. ఆయన "మీరు నటిస్తున్నారనుకున్నానమ్మా" అన్నాడు. కొంచెం నిరాశపడ్డట్టున్నాడు. అయినా నన్ను కోమాలోకి పంపాడు. నాలుగు రోజులు సెలవు. ఆ నాలుగు రోజులూ నా బదులు దుప్పటిని షూట్ చేస్తారు.

కరపత్రం నువ్వే రాయి. నా షరతు ఒక్కటే. నీ కరపత్రాలన్నీ నేరం ఏమిటో, చేసిందెవరో చెప్పి మొదలవుతాయి. ఇదీ అలాగే మొదలవ్వాలి.

అత్త


ఇల్లు, పెరడు
ఎనభై మూడో రోజు

అత్తా,

నాన్న లెక్క చెప్పాడు. గుంటకు మూడువైపులా, వైపుకు పదిమంది. ముప్పై బకెట్లు. ప్రెస్సులో ఆరుగురు ఒప్పుకున్నారు. టికెట్ల ఆయన తనే వచ్చి, "నేను టికెట్లు చింపి వచ్చి కలుస్తాను, నాకొక బకెట్ ఉంచండి" అన్నాడు. పిచ్చుక వాళ్ళమ్మ ఇస్త్రీ బట్టలిచ్చే ప్రతి ఇంటికీ చెబుతోంది. "మా పిల్ల దూకుతుంది, కాస్త నీళ్ళు చల్లిపోండి" అని. నేను రెండేళ్ళలో కూడగట్టలేనంతమందిని ఆవిడ రెండు రోజుల్లో పోగుచేసింది.

పెరట్లో సాధన చేస్తున్నాం. నాన్న నేర్పుతున్నాడు. నేను బకెట్ ఎత్తి మొత్తం ఒక్కసారే విసిరాను. పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలన్నీ తడిశాయి. "కోపం కాదు, నీళ్ళు" అన్నాడు నాన్న. "వాన పడ్డట్టుండాలి. వరదొచ్చినట్టు కాదు."

ఒక సంగతి దాచాను. నాకు ఈత రాదు. కొలను అంచుకే నేనెప్పుడూ వెళ్ళలేదు. గుంట పదిహేడు అడుగుల లోతట. ఆదివారం మొదటి బకెట్ నేనే ముంచాలని పిచ్చుక పట్టుబట్టింది. ముంచుతాను. నీకు చెప్పకుండా ముంచకూడదనిపించింది.

నీ మేనకోడలు

కింద నాన్న రాస్తానన్నాడు:
అక్కా, ముప్పై చాలు. భుజం బాగానే ఉంది.


లాడ్జి, తొమ్మిదో గది

చిరంజీవి కరపత్రానికి,

నీకు ఈత రాదని ఆరో డిమాండు చదివినప్పుడే తెలిసింది.

శనివారం బస్సుకు వస్తున్నాను. ఆదివారం అంచున నా ఎడమవైపు నిలబడు. అటు ఎవరున్నారో నాకు తెలియదు, నువ్వైతే అరుస్తావు కాబట్టి తెలుస్తుంది. జారితే నీ జుట్టు పట్టుకుంటాను. దూకడమే మానేశాను, ఈత మానలేదు.

అత్త


ప్రెస్సు
ఎనభై ఏడో రోజు

అత్తా,

ఇది ప్రూఫు. నువ్వు బయల్దేరేలోగా అందుతుందో లేదో. ఒక నకలు మేనేజరుకు ఇచ్చాను. నిలబడే చదివాడు, రెండుసార్లు. ఎర్ర పెన్సిలు తీశాడు, ఎక్కడా గీత పెట్టలేదు. "ఆదివారం నాకు సెలవు. అయినా వస్తాను, తాళంచెవి నా దగ్గరే ఉంది కదా" అన్నాడు.

పిడికిలి బొమ్మ తీసేశాను. బకెట్ బొమ్మ ప్రెస్సులో దొరకలేదు. ఖాళీగా వదిలేశాను.


ఈత వచ్చినవారికీ, నాలాగ రానివారికీ

మన ఈతకొలనులో డైవింగ్ టవరు ఎనభై ఏడు రోజులుగా మూతపడి ఉంది. కారణం నేను. టవరు కింద నీళ్ళు చిమ్మే పైపును, అదెందుకో తెలుసుకోకుండా, ఆపించమని రాసింది నేను. మీలో చాలామంది ఆ కరపత్రం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. మీకు కృతజ్ఞతలు. చదివిన ఒక్కరు దాన్ని అమలు చేశారు.

నీళ్ళు కదలకపోతే పైనున్న మనిషికి కనబడవు. అలా కనబడకే ఈ ఊరి చాంపియన్ ఒక కన్ను పోగొట్టుకుంది. ఇంకెవరికీ అలా కాకూడదని మూడు రోజులు ఎండలో, వానలో ఆ టవరు మీద కూర్చుంది. ఆవిడ గురించి ఇంతకు ముందు నేను రాసిన పేరాలన్నీ కొట్టివేయగలరు. ఇదొక్కటే నిజం.

ఆదివారం తొంభైయో రోజు. ఆ రోజు ఒక్క డైవ్ రిజిస్టరుకు ఎక్కకపోతే సోమవారం టవరు ఉండదు. పిచ్చుక దూకుతుంది. చాంపియన్ కింద నిలబడి ఉంటుంది. పైపు లేదు కాబట్టి పైపు పని మనం చెయ్యాలి. గుంట చుట్టూ నిలబడి, ముంచి, చల్లాలి. వానలాగ చల్లాలి. ఆ పిల్ల పైనుంచి చూసినప్పుడు నీళ్ళు ఎక్కడున్నాయో దానికి తెలియాలి. అది తప్ప ఆ రోజు ఉపన్యాసాలు లేవు. నావి కూడా లేవు.

ముప్పైమంది కావాలి. ఇరవై ఆరుగురు ఉన్నాం.

ఆదివారం, ఉదయం ఏడు గంటలకు, ఈతకొలను గేటు దగ్గర కలుద్దాం.

ఎవరి బకెట్ వారు తెచ్చుకోవలెను.